సంతకం అసలుదో కాదో తేలేలోపే ఈఎంఐ మొదలవుతుంది

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. మియాపూర్‌లో అద్దెకు ఉంటున్నాం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం, నెలకు చేతికి 96,000 వస్తుంది. అద్దె 22,000, కారు ఈఎంఐ 13,500, ఖమ్మంలో అమ్మానాన్నలకు 12,000, ఇంటి ఖర్చు 26,000. బ్యాంకులో 1,80,000 ఎఫ్‌డీ ఉంది. కాలేజీ రోజుల నుంచీ బ్రిటిష్ రాక్ బ్యాండ్ క్వీన్ అంటే నాకు ప్రాణం. సికింద్రాబాద్‌లో ఒకాయన దగ్గర ఆ బ్యాండులోని నలుగురి సంతకాలున్న ఎల్పీ (గ్రామఫోన్ రికార్డు) కవర్ ఉంది. పంచ్‌గనిలో ఆ బ్యాండు గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీతో కలిసి చదువుకున్న ఒకరు 1977 జూలైలో లండన్ కచేరీ అయ్యాక వేదిక వెనక చేయించుకున్నారట. హోలోగ్రామ్ ఉన్న సర్టిఫికెట్ కూడా ఇస్తానన్నారు. ధర 5,40,000, సగం నగదుగా ఇవ్వాలి. ఎఫ్‌డీలోంచి 1,40,000 తీసి, మిగతా 4 లక్షలు 14.5 శాతం వడ్డీకి నాలుగేళ్ల పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. నాలుగేళ్లలో రెట్టింపు అవుతుందంటున్నారు. ఆదివారం లోపు 25,000 బయానా ఇవ్వాలి. కవర్ ముందూ వెనకా ఫొటోలు జతచేశాను. ఫిబ్రవరిలో మా ఆవిడకు డెలివరీ. కొనమంటారా?

జవాబు: వద్దు. ఆదివారం బయానా ఇవ్వకండి. లోన్‌కి దరఖాస్తు పెట్టి ఉంటే ఈ రోజే వెనక్కి తీసుకోండి.

మీ ప్రశ్న ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. మనసుపడ్డ వస్తువుకు 'పెట్టుబడి' అని పేరు పెట్టి అప్పు చేసి కొనేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒకరికి వాచీ, ఒకరికి పాత నాణెం, మీకు ఎల్పీ కవర్. అందరి దగ్గరా కనిపించేవి రెండే: అమ్మేవాళ్లు పెట్టిన గడువు, కొనేవాళ్ల దగ్గర లేని అత్యవసర నిధి.

ముందు ఆ నిధి సంగతి చూద్దాం. మీ తప్పనిసరి ఖర్చులు కలిపితే నెలకు 73,500. ఆరు నెలలకు 4,41,000 పక్కన ఉండాలి. మీ దగ్గరున్న 1,80,000 రెండున్నర నెలలకు కూడా సరిపోదు. అందులోంచి 1,40,000 తీసేస్తే మిగిలేది 40,000. కొత్త లోన్ ఈఎంఐ సుమారు 11,030. దాంతో నెల ఖర్చు 84,500 దాటుతుంది. అప్పుడు మీ 40,000 పద్నాలుగు రోజులకు వస్తుంది. ఫిబ్రవరిలో బిడ్డ పుట్టబోతున్న ఇంట్లో, ఒక్క జీతం మీద నడుస్తున్న ఇంట్లో, చేతిలో పద్నాలుగు రోజుల డబ్బు. డెలివరీ సంగతి మీరు చివర్లో రాశారు. దాన్ని మొదటి వాక్యంగా చదువుకుని మళ్లీ ఆలోచించండి.

ఇక 'రెట్టింపు' లెక్క. 4 లక్షల లోన్‌కు నాలుగేళ్లలో మీరు కట్టేది 5,29,500 వరకు ఉంటుంది, అందులో వడ్డీ దాదాపు 1,29,500. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతమనుకుంటే జీఎస్టీతో కలిపి 9,440. మీ ఎఫ్‌డీ డబ్బు కలిపితే ఆ కవర్ మీకు పడే ఖరీదు 6,79,000. అమ్మేటప్పుడు వేలం సంస్థ మీ దగ్గర 15 శాతం కమీషన్ తీసుకుందనుకోండి, అసలు చేతికి రావాలంటేనే అది 8 లక్షలకు అమ్ముడుపోవాలి. అంటే నాలుగేళ్లలో 48 శాతం పెరిగినా మీకు లాభం సున్నా. పైగా వేలంలో కొనేవాళ్లు పాట ముగిసిన ధర మీద 20 శాతం, కొన్నిచోట్ల అంతకు మించి అదనంగా కడతారు. అది ముందే లెక్కేసుకుని పాట తగ్గించి పాడతారు. ఎఫ్‌డీ మీద పోయే వడ్డీ, అమ్మకం లాభం మీద పన్ను నేను ఇందులో కలపనే లేదు. ఇదంతా సంతకాలు నాలుగూ అసలువైతేనే.

అసలువా? ఫొటోలు చూసి ఎవరూ తేల్చలేరు. మీకు చెప్పిన కథ నిలబడుతుందా లేదా అన్నది మాత్రం చూడవచ్చు. ఈ రకం వస్తువుల్లో సిరా ఎంత ముఖ్యమో పుట్టుపూర్వోత్తరాలూ అంతే ముఖ్యం. 2023 సెప్టెంబరులో లండన్‌లో సథబీస్ సంస్థ ఫ్రెడ్డీ మెర్క్యురీ ఇంటి వస్తువులు వేలం వేసింది. మీసాలు దువ్వుకునే చిన్న వెండి దువ్వెనకు 400 నుంచి 600 పౌండ్లు వస్తాయని అంచనా వేస్తే 1,52,400 పౌండ్లు పలికింది. ఆ దువ్వెన ఎవరిదన్న అనుమానం ఎవరికీ లేదు. ఆయన బతికిన ఇల్లు, ఆయన చనిపోయాక ఆ ఇంటిని, వస్తువులను ముప్పై ఏళ్లు కాపాడిన ఆయన స్నేహితురాలు మేరీ ఆస్టిన్, అక్కడి నుంచి నేరుగా వేలం కేటలాగ్. మధ్యలో తెలియని చెయ్యి ఒక్కటీ లేదు. అదే దువ్వెన ఏ తెలియని దుకాణంలోనో ఉంటే వెండి ధరే వస్తుంది.

మీ కవర్ విషయంలో అన్నీ తెలియని చేతులే. ఫ్రెడ్డీ అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. పంచ్‌గనిలో సెయింట్ పీటర్స్ బోర్డింగ్ స్కూల్లో చదివారన్నది అక్షరాలా నిజం. అందువల్లే మన దేశంలో 'క్లాస్‌మేట్' కథ చెప్పడం తేలిక. ఆయన అక్కడ చదివారన్నది ఈ కవర్‌కు సాక్ష్యం కాదు. క్లాస్‌మేట్ ఎవరు? పేరేమిటి? ఏ సంవత్సరం బ్యాచ్? 1977లో లండన్ వెళ్లినట్టు పాత పాస్‌పోర్టులో ముద్ర ఉందా? ఆ రోజుల ఫొటోలు, పోస్టు ముద్రలున్న ఉత్తరాలు ఏమైనా మిగిలాయా? ఆ కుటుంబం నుంచి సికింద్రాబాద్ ఆయన చేతికి ఎలా వచ్చింది, బిల్లు ఉందా, బ్యాంకు ద్వారా డబ్బు వెళ్లిందా? ఫొటో ఉందంటే అందులో బ్యాండు సభ్యుడి పక్కన నిలబడటం చాలదు. ఇదే కవర్ కనబడాలి, అదీ మూల నలిగిన చోటో మరకో పోల్చి గుర్తుపట్టేలా. పాత కచేరీ టికెట్టు ముక్క చూపిస్తారు, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఒకరు కచేరీకి వెళ్లారని టికెట్టు చెబుతుంది, ఏ వస్తువు మీద ఎవరు సంతకం చేశారో చెప్పదు.

తేదీ చూద్దాం. క్వీన్ కచేరీల తేదీలన్నీ బహిరంగంగా దొరుకుతాయి. 1977లో లండన్ ఎర్ల్స్ కోర్ట్‌లో వాళ్లు కచేరీ చేసింది జూన్ 6, 7 తేదీల్లో. తర్వాతి పర్యటన నవంబరులో అమెరికాలో మొదలైంది. జూలైలో లండన్ కచేరీ లేదు. నెల గుర్తుపెట్టుకోవడంలో పొరపాటు జరిగిందంటారు, సరే, నలభై తొమ్మిదేళ్ల నాటి మాట కాబట్టి ఒప్పుకుందాం.

మీరు పంపిన వెనక వైపు ఫొటోలో కుడి పక్క పైన బార్‌కోడ్ ఉంది. ఇది జ్ఞాపకం పొరపాటుతో పోయేది కాదు. 1977లో ఎల్పీ కవర్ల మీద బార్‌కోడ్ ఉండేది కాదు. అది మామూలు సంగతి అయింది 1980లలో. అంటే మీ కవర్ తర్వాత అచ్చయిన రీఇష్యూ. 1977లో ఇంకా పుట్టని కవర్ మీద 1977లో సంతకం ఎలా పెడతారు? ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఫ్రెడ్డీ 1991 నవంబరు 24 దాకా బతికే ఉన్నారు కాబట్టి 1980ల కవర్ మీద ఆయన సంతకం అసాధ్యం ఏమీ కాదు. సంతకాలు అసలువి కూడా కావచ్చు. కథ మాత్రం అబద్ధం. కథ పడిపోయాక పుట్టుపూర్వోత్తరాలు లేని కవర్ ఒకటే మిగులుతుంది, దాని ధర మొత్తం సిరా మీదే ఆధారపడాలి. 5,40,000 అడిగింది ఆ కథకు.

ఇదే పద్ధతి మిగతా చోట్లా పనికొస్తుంది. సీడీలు మార్కెట్లోకి వచ్చింది 1982లో. కాబట్టి 1970లో చనిపోయిన గిటారిస్టు జిమీ హెండ్రిక్స్, 1980 సెప్టెంబరులో చనిపోయిన లెడ్ జెప్పెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్, అదే ఏడాది డిసెంబరులో హత్యకు గురైన బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ పేర్లతో సంతకం ఉన్న సీడీ ఎక్కడ కనిపించినా పక్కకు నెట్టేయండి. కవర్ మీది కేటలాగ్ నంబరు, లేబుల్ రంగు, చిరునామా పట్టుకుని అది ఏ ఏడాది ముద్రణో రికార్డుల వివరాలుండే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో పది నిమిషాల్లో చూడవచ్చు. అలాగని కవర్ పాతదైనంత మాత్రాన సంతకం పాతదని కాదు. పాత ఎల్పీ కవర్లు సులువుగా, చవగ్గా దొరుకుతాయి. ఫోర్జరీ చేసేవాళ్లు వాడేవి కూడా అవే.

సిరా విషయానికి వస్తే, వాచీ రిపేరు వాళ్లు కంటికి పెట్టుకునే పది రెట్ల భూతద్దం ఒకటి తీసుకెళ్లండి. సంతకం గీతలో చుక్కల వల కనిపిస్తే అది అచ్చు. ఫ్యాన్ క్లబ్బులు అలాంటి అచ్చు సంతకాల ఫొటోలు అభిమానులకు పంచేవి. గీత మొదలైన చోటా ఆగిన చోటా మొద్దుగా గుండ్రటి చుక్క ఉండి, పొడవునా ఒకే మందం ఉంటే యంత్రం పెట్టిన సంతకం కావచ్చు. చేత్తో వేగంగా పెట్టిన సంతకంలో గీత చివర సన్నబడి గాల్లోకి లేచినట్టు ఉంటుంది. చూసి కాపీ కొట్టినదాంట్లో వంపుల దగ్గర చిన్న వణుకు, అవసరం లేని చోట పెన్ను ఎత్తి మళ్లీ పెట్టిన అతుకు కనిపిస్తాయి. మార్కర్ పెన్ను అయినంత మాత్రాన నకిలీ అనకండి. షార్పీ మార్కర్ 1964 నుంచే ఉంది. నలుగురివీ ఒకే పెన్ను అయినా తప్పు లేదు, పెన్ను చేతులు మారి ఉండవచ్చు. నలుగురి చేతులూ ఒకే బరువుతో, ఒకే వేగంతో నడిచినట్టుంటే మాత్రం అనుమానించాలి. మీ ఫొటోలో నాలుగు సంతకాలూ ఒకే సైజులో, ఒకదాన్నొకటి తాకకుండా, కొలిచి పెట్టినట్టు నాలుగు మూలలా ఉన్నాయి. హడావిడిగా వేదిక వెనక నలుగురు పెట్టిన సంతకాలు అంత పొందికగా కుదరడం అరుదు.

క్వీన్ సంతకాల్లో ఇంకో ప్రమాదం ఉంది. ఆ నలుగురిలో బ్రయాన్ మే, రోజర్ టేలర్ ఇప్పటికీ జనంలోకి వస్తున్నారు, వాళ్ల సంతకాలు సంపాదించవచ్చు. జాన్ డీకన్ 1990ల చివర్లోనే తెర వెనక్కి వెళ్లిపోయారు. ఫ్రెడ్డీ లేరు. కాబట్టి రెండు నిఖార్సైన సంతకాలు తీసుకుని, లేని రెండూ పక్కన కలిపితే 'నలుగురి కవర్' తయారవుతుంది. ఇద్దరివి సరిపోలాయి కదా అని కొనేవాళ్లు మోసపోయేది ఇక్కడే. ధరలో సింహభాగం ఫ్రెడ్డీ సంతకానిది. ముందు దాన్నే చూడాలి, అదీ అదే కాలంలో ఆయన పెట్టిన సంతకాలతో పోల్చి.

హోలోగ్రామ్ సర్టిఫికెట్ గురించి గట్టిగా చెప్పాలి. అమ్మేవాళ్లే ఇచ్చుకున్న సర్టిఫికెట్‌కు విలువ లేదు, అది రంగుల కాగితం. 1990లలో అమెరికాలో ఎఫ్‌బీఐ 'ఆపరేషన్ బుల్‌పెన్' పేరుతో పట్టుకున్న నకిలీ సంతకాల ముఠాల సరుకు కూడా సర్టిఫికెట్లతోనే అమ్ముడుపోయింది. పెద్ద సంస్థ కాగితం ఉన్నా నిశ్చింత లేదు. 2022లో గాయకుడు బాబ్ డిలన్ స్వయంగా సంతకం చేసిన ప్రతులని చెప్పి ఒక పెద్ద ప్రచురణ సంస్థ 900 పుస్తకాలను ఒక్కొక్కటి 599 డాలర్లకు అమ్మింది, ప్రామాణికతా పత్రం కూడా జతచేసింది. కొన్నవాళ్లు ఇంటర్నెట్‌లో ఫొటోలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే సంతకాలు యంత్రం పెట్టినవని తేలింది. సంస్థ డబ్బు వాపసు ఇచ్చింది, డిలన్ క్షమాపణ చెప్పారు. అక్కడ డబ్బు తిరిగివ్వడానికి ఒక సంస్థ ఉంది. సగం నగదుగా ఇచ్చాక మీకు ఎవరున్నారు?

మార్కెట్ పట్టించుకునేది బయటి పరిశీలకుల మాట. పీఎస్‌ఏ, జేఎస్‌ఏ, బెకెట్ లాంటి సంతకాల పరిశీలన సంస్థలు తాము చూసిన వస్తువుకు ఒక నంబరు ఇస్తాయి. ఆ నంబరును కార్డు మీది క్యూఆర్ కోడ్‌తో స్కాన్ చేయకండి, అది నకిలీ సైటుకు తీసుకెళ్లవచ్చు. సంస్థ వెబ్‌సైట్ మీరే తెరిచి మీ చేత్తో టైప్ చేయండి. నంబరు నిజమైనదే అయినా ఫొటో లేకపోతే ఆగండి, వేరే వస్తువు నంబరును ఈ కవర్‌కు అంటించి ఉండవచ్చు. ఫొటో ఉంటే సంతకం ఏ అక్షరం మీద పడింది, ఎక్కడ సిరా జారింది అన్నవి పోల్చండి. ఆన్‌లైన్ ఫొటో చూసి ఇచ్చే త్వరిత అభిప్రాయం వేరు, వస్తువును చేతిలోకి తీసుకుని ఇచ్చే పూర్తి ఉత్తరం వేరు. మీకు కావలసింది రెండోది. అది కూడా అభిప్రాయమే, హామీ కాదు.

ఈ పరిశీలనకు కవర్‌ను విదేశానికి పంపాలి. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పంపేటప్పుడు ఎగుమతి కాగితాలు సరిగ్గా పెట్టకపోతే, తిరిగి వచ్చేటప్పుడు మన వస్తువు మీదే కస్టమ్స్ సుంకం కట్టమంటారు. ఈ పని కొనకముందు జరగాలి, ఖర్చు అమ్మేవాళ్లు పెట్టుకోవాలి. ఆయనకు తన సరుకు మీద నమ్మకముంటే ఈ ఒక్క పనితో ధర పెరుగుతుంది. మరి ఇన్నాళ్లూ ఎందుకు చేయించలేదు?

మీ లోన్‌కూ ఈ సంతకానికీ ముడి పడేది ఇక్కడే. సంతకం నిజం తేలడానికి నెలలు కావాలి, తేలాక సరైన వేలం దొరకడానికి ఇంకొన్ని నెలలు. ఈఎంఐ మాత్రం వచ్చే నెల 5న ఖాతాలోంచి వెళ్లిపోతుంది. అత్యవసర నిధి ఉన్నవాళ్లు ఆ నెలలు ఆగగలరు. లేనివాళ్లు ఆస్పత్రి బిల్లు వచ్చిన రోజున దొరికిన ధరకు అమ్ముతారు. బంగారమైతే ఆ రోజే తూకం వేసి డబ్బు ఇస్తారు. పుట్టుపూర్వోత్తరాలు లేని ఎల్పీ కవర్‌ను హైదరాబాద్‌లో ఏ బ్యాంకూ తాకట్టు పెట్టుకోదు. క్రెడిట్ కార్డుతో గట్టెక్కుదామన్న ఆలోచన రానే వద్దు. బాకీ మిగిల్చితే నెలకు మూడు శాతానికి పైన, ఏడాదికి 36 నుంచి 45 శాతం దాకా పడుతుంది. 14.5 శాతం లోన్ తీసుకున్న ఇంట్లో 42 శాతం అప్పు కూడా చేరితే బయటపడటానికి ఏళ్లు పడుతుంది.

సగం నగదు అడగడం ఇంకో హెచ్చరిక. మీ ధరలో సగం 2,70,000. రెండు లక్షలు, ఆ పైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. మీకు అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. నగదు భాగానికి రుజువు ఉండదు కాబట్టి రేపు మీరు అమ్మేటప్పుడు మీ కొనుగోలు ధర కూడా సగమే కనిపిస్తుంది. పుట్టుపూర్వోత్తరాల గొలుసులో తెగిన లంకె మీరే అవుతారు. ఒకవేళ ఇప్పటికే ఆన్‌లైన్‌లో డబ్బు పంపి ఉండి, అవతలి ఫోన్ మూగబోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఆయనకు ఈ మాట పంపండి: "బయానా ఇవ్వను. మీరు పూర్తి పరిశీలన ఉత్తరం తెప్పించండి. క్లాస్‌మేట్ కుటుంబం సంతకంతో రాతపూర్వక ప్రకటన కావాలి. డబ్బు మొత్తం బ్యాంకు ద్వారానే ఇస్తాను. కొన్న 90 రోజుల్లో ఇంకో పరిశీలకుడు కాదంటే పూర్తి సొమ్ము వాపసు ఇస్తానని స్టాంపు పేపర్ మీద రాయండి." వీటిలో ఒక్కదానికి కాదన్నా అక్కడితో ఆపేయండి. అన్నిటికీ సరే అన్నా మీరు ఇప్పుడు కొనకూడదు, ఎందుకంటే డబ్బు మీది కాదు.

మీ దగ్గర నెలకు 22,500 మిగులుతోంది. అందులో 15,000 విడిగా ఒక ఖాతాలోకి, జీతం పడిన మర్నాడే వెళ్లేలా పెట్టండి. తక్కువ పడుతున్న 2,61,000 పద్దెనిమిది నెలల్లో పూర్తవుతుంది. ఈ మధ్యలో బోనస్ వస్తే అదీ అక్కడికే. బిడ్డ పుట్టాక ఇంటి ఖర్చు 26,000 దగ్గర ఆగదు కాబట్టి లక్ష్యాన్ని వచ్చే మార్చిలో మళ్లీ లెక్క కట్టుకోండి. సిప్‌లు, బంగారం, ఇంకేమైనా ఆ తర్వాతి మాట.

క్వీన్ మీద ఇష్టాన్ని చంపుకోమని అనను. నిధి నిండాక నెలకు 3,000 పక్కన వేసుకుని, పుట్టుపూర్వోత్తరాలు స్పష్టంగా ఉన్న చిన్న వస్తువు, ఒక్క సంతకమే ఉన్నది, పేరున్న వేలం సంస్థ దగ్గర, వాపసు షరతు చదివి కొనుక్కోండి. కొన్నాక ఎండ తగిలే గోడకు తగిలించకండి, మార్కర్ సిరా వెలుతురుకు వెలిసిపోతుంది. లామినేషన్ చేయించారంటే విలువ పోయినట్టే. భారత్ గృహ రక్ష పాలసీలో విలువైన వస్తువులకు ముందే ఒప్పుకున్న విలువతో అదనపు బీమా తీసుకోవచ్చు. నిప్పులాంటి ప్రమాదాలకు అది పనికొస్తుంది గానీ, సంతకం నకిలీ అని తేలితే ఏ బీమా కంపెనీ రూపాయి ఇవ్వదు.

సోమవారం ఆఫీసుకు వెళ్లగానే హెచ్‌ఆర్‌ను మూడు ప్రశ్నలు అడగండి: గ్రూపు పాలసీలో ప్రసూతికి పరిమితి ఎంత, సిజేరియన్‌కు వేరే పరిమితి ఉందా, పుట్టిన బిడ్డకు మొదటి రోజు నుంచీ కవర్ ఉంటుందా. మీరు చూపించుకుంటున్న ఆస్పత్రిలో ప్యాకేజీ ధర రాయించుకుని పక్కన పెట్టి చూడండి. తేడా ఎంతో అంత సొమ్ము ఆ 1,80,000లోంచి ఇప్పుడే విడదీసి, ఫిబ్రవరి దాకా ముట్టుకోకండి.